రాళ్ళను చూపుట, రాళ్ళ కథ చెప్పుట

విశాఖపట్టణమునకు సుమారు 90 కిలోమీటర్ల దూరమున, అనంతగిరి కొండలలోనున్న బొర్రా గుహలలోనికి దిగిన యాత్రికునకు మొట్టమొదట వినిపించునవి పేర్లు. దారి చూపువాడు చేతిలోని దీపమును ఒక రాతిమీదికి త్రిప్పి ‘ఇది శివపార్వతులు’ అనును. మరికొంత దూరము నడచి ‘ఇది ఋషి గడ్డము’, ‘ఇది మొసలి’, ‘ఇది మనిషి మెదడు’ అనును. గుంపులోనివారు మెడలు సాచి చూచి, పోలిక కుదిరినచో నవ్వుదురు, కుదరనిచో ప్రక్కవారిని అడుగుదురు. ఫొటోలు తీసికొని ముందుకు సాగుదురు. గుహనుండి వెలుపలికి వచ్చిన పిల్లవానిని ఏమి చూచితివని అడిగినచో మొసలిని చూచితినని చెప్పును. మొసలిని చూచుటకు వాడు అంత దూరము పోనక్కరలేదు. జంతు ప్రదర్శనశాలలో ప్రాణమున్న మొసలియే కనిపించును. బొర్రాలో తప్ప తమ జిల్లాలో మరెక్కడను చూడలేనిదానిని మాత్రము వాడు చూడకయే తిరిగి వచ్చినాడు.

ఇందులో దారి చూపువాని తప్పు లేదు. అతడు చాలవరకు ఆ కొండలలో పుట్టి పెరిగినవాడే. ముందువారు ఏది చెప్పిరో అదియే నేర్చి చెప్పుచున్నాడు. అతనికి అంతకంటె మంచి మాటలు అందింపవలసినవారు అందింపలేదు.

ప్రకృతి దర్శనీయ స్థలములను గూర్చి యాత్రికునకు అందు మాటలన్నియు, అనగా ద్వారమువద్ద ఫలకములు, కరపత్రములు, అంతర్జాలములోని పరిచయములు, మార్గదర్శకుల ప్రసంగములు కలిసి ఒక సాహిత్యము. దీనిని ఎవరును సాహిత్యముగా లెక్కింపరు, కనుక ఎవరును విమర్శింపరు. కాని తెలుగున వెలువడు విజ్ఞాన గ్రంథమును చదువువారు వేలలోనుండగా, ఈ మాటలను వినువారు లక్షలలో నున్నారు. 2019 స్వాతంత్ర్య దినోత్సవమున ప్రధానమంత్రి ప్రతి కుటుంబమును 2022లోగా దేశములోని 15 ప్రదేశములనైనను చూడవలసినదిగా కోరెను. మరుసటి ఏడాది ‘దేఖో అప్నా దేశ్’ అను పేర కేంద్ర పర్యాటక శాఖ ఒక కార్యక్రమమును ప్రారంభించెను. దేశమును చూడుమని చెప్పుట మంచిదే. చూచుటకు వచ్చినవానికి ఏమి చెప్పుచున్నామను ప్రశ్న మాత్రము మిగిలియున్నది.

మొదట అచ్చులోనున్న మాటలనే పరీక్షింతము. బొర్రా గుహలను 1807లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ అను ఆంగ్లేయుడు కనుగొనెనని ఎన్నో చోట్ల వ్రాసియున్నది. ఒకరిని చూచి ఒకరు వ్రాయుటచే ఈ వాక్యము ఇప్పుడు లోకోక్తివలె స్థిరపడినది. ఆ శాఖ స్థాపింపబడినది 1851లో. విలియం కింగ్ అను భూవిజ్ఞాని నిజముగనే ఉండెను. ఆయన 1887 నుండి 1894 వరకు ఆ శాఖకు అధిపతి. 1807 నాటికి ఆయన పుట్టనే లేదు! శాఖయు లేక, మనిషియు లేక, గుహమాత్రము కనుగొనబడినదట. రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఏ పాఠశాల విద్యార్థియైనను పట్టుకొనదగిన తప్పు ఇది. ఇన్ని సంవత్సరములుగా ఎవరును పట్టుకొనలేదనగా, వ్రాసినవారు గాని చదివినవారు గాని ఆ వాక్యమునకు అర్థమున్నదని తలపలేదన్నమాట.

‘కనుగొనుట’ అను మాటయు సరి కాదు. పై కన్నమునుండి ఆవు గుహలో పడెనని, దానిని వెదకుచు పోయిన పశువుల కాపరికి లోపల లింగము కనిపించెనని ఆ ప్రాంతపువారు కథ చెప్పుదురు. గుహగుండ ప్రవహించు ఏటికి గోస్తనీ అను పేరును ఆ ఆవు వలననే వచ్చినదందురు. కథ ఎట్లున్నను, కొండవారికి గుహ తెలిసియుండెనని అది సాక్ష్యము చెప్పుచున్నది. ఆంగ్లేయుడు చేసినది కనుగొనుట కాదు, కాగితముమీద పెట్టుట.

బెలుం గుహలది మరియొక తీరు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములో, చదునైన చేలనడుమ నూతివలె దిగిన గోతినుండి వీటిలోనికి ప్రవేశము. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని గూర్చి వ్రాసెను. 1982, 1983 సంవత్సరములలో గెబవర్ అను జర్మన్ గుహాన్వేషకుని బృందము లోపలి దారులను కొలిచెను. పొడవు 3,229 మీటర్లు. దీనిని గూర్చి మొట్టమొదట చెప్పుమాట ‘దేశములో రెండవ పొడవైన గుహ’ అని. మేఘాలయ సున్నపురాతి కొండలలో ఇంతకంటె పొడవైన గుహలు ఒకటి రెండు కాదు, అనేకము కలవు. లియాట్ ప్రా అను ఒక్క గుహయే కొలతలో 30 కిలోమీటర్లు దాటినది. మైదాన ప్రాంతములోని గుహలలో బెలుం మిక్కిలి పొడవైనదను మాట నిలుచును, ఆ మాట గౌరవమునకు చాలును గూడ. తిరుమల శిలాతోరణమును గూర్చియు ఇట్టిదే ప్రచారములోనున్నది. ఇటువంటివి ప్రపంచమున మూడే కలవందురు. అమెరికాలోని యూటా రాష్ట్రమున ఒక్క ‘ఆర్చెస్’ జాతీయ వనములోనే 2,000కు పైగా సహజ తోరణములు లెక్కకు వచ్చినవి.

ఇవి చిన్న తప్పులని, సరదాగా వచ్చినవారికి ఇంత నిక్కచ్చి ఏలయని కొందరు అనవచ్చును. తప్పుడు అంకెలకంటె చింతింపదగినది వాటి వెనుకనున్న ఆలోచన. రాయి తనంతట చూడదగినది కాదు, ఏదో ఒక పోటీలో గెలిచినప్పుడే చూడదగినది అను భావము ఈ రెండవ, మూడవ స్థానముల వెనుక దాగియున్నది. శిలాతోరణము లోకములో మూడవదైనను, మూడువేలవదైనను, స్ఫటికశిల అంత గట్టి రాతిని ఎండ, గాలి, నీరు చేరి ఎట్లు తొలిచినవను వింత తగ్గునా? ఆ వింతను చెప్పుటకు నాలుగు వాక్యములు కావలెను. ‘మూడే’ అనుటకు ఒక్క మాట చాలును. ఒక్క మాటయే గెలిచినది.

ఇక చెప్పవలసిన కథ ఎట్టిది? బొర్రాలోను, బెలుంలోను మూలసూత్రము ఒక్కటే. వాన నీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత, చెట్ల వేళ్ళు, సూక్ష్మజీవులు ఊపిరివదలు నేలలోనుండి ఎక్కువగను పీల్చుకొని పలుచని ఆమ్లమగును. సోడా నీటిలోనుండు పులుపే ఇది. ఈ నీరు సున్నపురాతి పగుళ్ళలో దిగి రాతిని కరిగించుకొని, కరిగినదానిని మోసికొని పోవును. అట్లు లక్షల ఏండ్లు జరిగినచో పగులు దారియగును, దారి గదియగును. ఇది గుహ త్రవ్వబడుట. గుహ నింపబడుట దీనికి తలక్రిందులు. కప్పునుండి వ్రేలాడు నీటి చుక్క గుహలోని గాలిని తాకగానే తనలోని వాయువును వదలును. వాయువు పోయిన నీరు సున్నమును మోయలేదు. మోయలేని రవ్వంత సున్నము చుక్క చుట్టును ఉంగరమువలె అంటుకొనును, చుక్క క్రింద పడును. పైని ఉంగరముమీద ఉంగరము చేరి ఊడ దిగును. చుక్క పడినచోట క్రిందినుండి మొలక లేచును. శాస్త్రజ్ఞులు మొదటిదానిని స్టాలక్టైటు అనియు, రెండవదానిని స్టాలగ్మైటు అనియు అందురు. బెలుంలో ఒక గదికి ‘ఊడల మర్రి’ అని పేరు పెట్టినవాడెవడో గాని, శాస్త్రమునకు పనికివచ్చు పేరు పెట్టినాడు. నిజముగనే అవి పైనుండి దిగిన ఊడలు.

ఈ పెరుగుదల ఎంత నెమ్మదియో అంకెలలో చూపినగాని మనస్సుకు పట్టదు. చోటునుబట్టి మారుచున్నను, చాల గుహలలో ఏడాదికి మిల్లీమీటరులో పదియవ వంతు పాటి యుండును. ఆ లెక్కన మనిషి వ్రేలంత, అనగా 7 సెంటీమీటర్ల ఊడకు 700 ఏండ్లు కావలెను. ఓరుగల్లులో కాకతీయ రాజ్యము 1323లో పతనమైనది. ఆ రోజులలో వ్రేలాడుట మొదలిడిన ఊడ ఇప్పటికి వ్రేలంతయైనది. దానిని విరుచుటకు ఒక్క క్షణము చాలును. విరువనక్కరలేదు, తడిమినను చాలును. చేతి చర్మమునందలి జిడ్డు రాతిమీద పూతగా నిలిచినచో క్రొత్త సున్నము సరిగా అంటదు. రాయి నల్లబడి అక్కడికి పెరుగుట ఆగును. ‘తాకరాదు’ అను ఫలకము పెట్టినచోట ఈ రెండు వాక్యములు లేవు. కారణము తెలియని ఆజ్ఞను పిల్లలు పాటింపరు, పెద్దలు అంతకంటె పాటింపరు.

బెలుంలో ‘సప్తస్వరాల గుహ’ యని ఒక గదికి పేరు. అక్కడి రాతి ఊడలను కర్రతోనో, వ్రేలి కణుపుతోనో తట్టిన స్వరములు పలుకునని ప్రసిద్ధి. ఈ భాగమును 2006లో ప్రజలకు తెరచిరి. పేరే యాత్రికుని తట్టుమని పిలుచుచున్నది! ఒకడు తట్టును, వెనుకవాడు ఇంకొంచెము గట్టిగా తట్టును. వేల సంవత్సరముల పెరుగుదలను వాయిద్యముగా మార్చిన ఈ ఒక్క పేరు, గోడనున్న అన్ని హెచ్చరికలను కొట్టివేయుచున్నది. ఆ ధ్వనిని ఒకసారి యంత్రములో భద్రపరచి వినిపించుట కష్టమైన పని కాదు. ఊడ పొడవు, మందము మారిన కొలది స్వరమేల మారునో అక్కడనే చెప్పినచో భౌతికశాస్త్ర పాఠము ఉచితముగ దొరకును.

రంగురంగుల దీపముల సంగతియు విచారింపదగినదే. చీకటిలో కాంతి లేదు, కనుక ఆకుపచ్చని జీవము లేదు. దీపము పెట్టినచోట యాత్రికుల బట్టలతో, చెప్పులతో వచ్చిన బీజములు మొలచి పాచి, నాచు పట్టును. అది రాతి పైపొరను తినివేయును. ఎఱ్ఱ, పచ్చ, నీలి వెలుగులు మరియొక హాని గూడ చేయుచున్నవి. రాతిలో ఏ రంగు ఇనుమువలన వచ్చినదో, ఏది స్వచ్ఛమైన సున్నపు తెలుపో చూచువానికి తెలియకుండ చేయుచున్నవి. గుహను చూపుటకని పెట్టిన దీపము గుహను కప్పుచున్నది. తెల్లని, వేడిలేని దీపములను గుంపు నడచునప్పుడు మాత్రమే వెలిగించి, దాటినంతనే ఆర్పుట పలు దేశములలో వాడుకలోనున్నది. ఫ్రాన్సులోని లాస్కో గుహ ఇందుకు గుణపాఠము. 1940లో బయటపడి, 1948లో ప్రజలకు తెరువబడిన ఆ గుహలోని ప్రాచీన చిత్రములు యాత్రికుల ఊపిరివలనను, దీపములవలనను చెడనారంభించుటచే 1963లో దానిని మూసివేసిరి. 1983 నుండి జనులు ప్రక్కన కట్టిన నకలు గుహను చూచుచున్నారు. ప్రేమతో చూచుటకు వచ్చినవారే దానిని చెరచిరి. వారిలో ఒక్కరును దుర్మార్గులు కారు.

రాతి మొలకలోని ఒక్కొక్క పొర ఒక్కొక్క కాలపు వాన నీటితో ఏర్పడినది. ఆ పొరలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తిని కొలిచి ఆనాటి ఋతుపవనములు బలముగనుండెనో, బలహీనముగనుండెనో అంచనా కట్టుచున్నారు. మేఘాలయలోని మామ్లుహ్ గుహనుండి తీసిన ఒక మొలక సుమారు 4,200 సంవత్సరముల క్రిందట వచ్చిన మహా అనావృష్టిని చూపినది. ఆ ఆధారముననే 2018లో అంతర్జాతీయ భూవిజ్ఞానులు భూమి చరిత్రలో మనము నివసించుచున్న ఘట్టమునకు ‘మేఘాలయన్ యుగము’ అని పేరు పెట్టిరి. భారతదేశపు గుహలోని రాయి ప్రపంచ కాలపట్టికలో కొలబద్దయైనది. బొర్రాకు వచ్చినవానికి ఈ మాట చెప్పినచో ప్రక్కనున్న అనామక మొలకను చూచు చూపే మారును. అది మొసలిని పోలియుండనక్కరలేదు.

గోస్తనీ నది బొర్రా కొండలనుండి దిగి భీమునిపట్నమువద్ద సముద్రమున కలియును. అక్కడికి దక్షిణమున కొద్ది కిలోమీటర్లలోనే ఎఱ్ఱమట్టి దిబ్బలు కలవు. పైనున్న గుహకు మార్గదర్శకుడైనను కలడు, ఈ దిబ్బలకు చాలనాళ్ళు ఆ మాత్రమును లేదు. చలనచిత్రములలో పాటలకు వెనుక తెరగా తెలిసినంతగా ఇవి మరే విధముగను జనులకు తెలియవు. సుమారు 20,000 ఏండ్ల క్రిందట, గడచిన మంచు యుగములో, సముద్రమట్టము ఇప్పటికంటె 120 మీటర్ల దాక దిగువన నుండెను. నేడు నీటిక్రింద నున్న నేల అంతయు ఆనాడు ఆరిన ఇసుకబయలు. సముద్రమట్టము ఎక్కుచు దిగుచునున్న ఆ యుగములలో గాలి ఇసుకను మోసికొనివచ్చి పోగులు పెట్టినది. ఇసుక చేరిన పిదప అందలి ఇనుపఖనిజములు గాలికి, నీటికి మారి రేణువురేణువునకు త్రుప్పువంటి ఎఱ్ఱని పూత పట్టినవి. తరువాత వానలు ఈ పోగులను కోసి, తొలిచి, లోతైన గండ్లు చేసినవి. తమిళనాటి దక్షిణతీరమునను, శ్రీలంకలోను తప్ప ఈ వైపున ఇటువంటివి కానరావు.

ఇది రాయి కాదు, గట్టిపడీ పడని ఇసుక. పిల్లలు జారుడుబండ ఆడినను, వాహనము ఎక్కినను గండి అంచు విరిగి పడును. వానకు వేల ఏండ్లు పట్టిన పనిని మానవుడు ఒక సెలవుదినమున చేయగలడు. భూవిజ్ఞాన సర్వేక్షణ శాఖ దీనిని భూవారసత్వ స్థలముగా గుర్తించినది. అయినను 2024 వర్షాకాలములో ఈ దిబ్బల ప్రాంతమున యంత్రములతో త్రవ్వి నేలను చదునుచేయుట పత్రికలకెక్కినది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతోబాటు ఈ దిబ్బలును యునెస్కో ప్రపంచ వారసత్వపు ముందస్తు పట్టికలో చేరినవి. పట్టికలో చేరినంత మాత్రమున యంత్రములు ఆగునని చెప్పుటకు వీలులేదు. చుట్టుప్రక్కల జనులకు ఆ ఇసుక ఏమిటో తెలిసియున్నచో అడ్డుపడువారైన మిగులుదురు. ‘ఎఱ్ఱగానున్నది, అందముగానున్నది’ అను మాట అందుకు చాలదు. అందముగానున్న మట్టికి ఇండ్లస్థలముగా గిరాకియే హెచ్చును.

తెలిసినవారు అడ్డుపడినప్పుడు ఏమి జరుగునో బొర్రాయే చెప్పగలదు. అనంతగిరి మండలములో, బొర్రా చుట్టునున్న గిరిజన గ్రామములలో, ఖనిజముల త్రవ్వకమునకు ఇచ్చిన కౌళ్ళను సమత అను సంస్థ న్యాయస్థానములలో ఎదుర్కొన్నది. 1997 జులైలో సర్వోన్నత న్యాయస్థానము షెడ్యూల్డు ప్రాంతములలోని భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల త్రవ్వకమునకై కౌలుకిచ్చుట చెల్లదని తీర్పు చెప్పెను. దేశమంతటను న్యాయవాదులు ఉదహరించు ఈ తీర్పు బొర్రా నేలనుండి పుట్టినది. గుహ పరిచయములలో దీనికి ఒక్క పంక్తియు దొరకదు. పుట్టని ఆంగ్లేయుడు కనుగొనెననుటకు చోటున్నది గాని, అక్కడివారు నిలుపుకొనిరనుటకు చోటు లేకపోయినది! తూర్పు కనుమలలో ఎక్కువగా కనిపించు రాతికి ‘ఖోండలైటు’ అను పేరుకూడ ఆ కొండలలోని ఖోండు ప్రజలనుబట్టి వచ్చినదే. భూవిజ్ఞాని రాతికి వారి పేరు పెట్టగలిగెను. కరపత్రము వ్రాసినవానికి వారు గుర్తుకు రాలేదు.

మంచి మాటలును లేకపోలేదు. తిరుమల కనుమదారిలో భూవిజ్ఞాన శాఖవారు ఒక జాతీయ భూవిజ్ఞాన స్మారకమును గుర్తించి ఫలకము పెట్టిరి. ఎపార్కియన్ అన్‌కన్‌ఫార్మిటీ యని దానికి పేరు. క్రింద 210 కోట్ల సంవత్సరములకంటె పాతవైన గ్రానైటు శిలలు, పైన సుమారు 160 కోట్ల సంవత్సరముల నాటి స్ఫటికశిల. రెండింటి నడుమ ఒక గీత. ఆ గీతలో 50 కోట్ల సంవత్సరములకు మించిన కాలము మాయమైనది. ఆ కాలపు శిలలు ఏర్పడనైన లేదు, ఏర్పడినను అరిగిపోయినవి. వ్రేలు మోపిన ఒక ప్రక్క ఒక యుగము, మరొక ప్రక్క ఇంకొక యుగము. ఇంతకంటె ఆశ్చర్యకరమైన దృశ్యము ఆంధ్రదేశమున లేదనవచ్చును. ప్రతిదినము వేలమంది దాని ప్రక్కగా పోవుదురు. బస్సు ఆగదు. ఆగుట ఆ మలుపులో క్షేమమును కాదు. కాని కొండ దిగిన పిదప తిరుపతిలో బస్సుకై వేచియుండు గంటలో ఆ గీత బొమ్మను, నాలుగు వాక్యములను గోడమీద చూపుటకు అడ్డేమియు లేదు.

యాత్రను శ్రద్ధగా వ్రాయుట తెలుగువారికి క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830, 1831 సంవత్సరములలో కాశీయాత్ర చేయుచు దారి ఎట్లున్నదో, నేల ఎటువంటిదో, నీరు ఎక్కడ దొరకునో, ప్రజలెట్లు బ్రదుకుచున్నారో దినదినమును వ్రాసికొనెను. ఆయన భూవిజ్ఞాని కాడు, మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగి. పుణ్యమునకై బయలుదేరినవాడు. అయినను దేవుని చూచిన కన్నులతోనే నేలను గూడ చూచినాడు. భక్తియు, పరిశీలనయు ఒకదానినొకటి తరిమివేయునను నేటి భయము ఆయనకు లేదు.

ఆ భయము బొర్రాలోను అక్కరలేదు. లోపలి చిన్న గుడిలో పూజలందుకొను లింగము ఒక స్టాలగ్మైటు. దానికి నమస్కరించువారిని ఆపవలసిన పని ఎవరికిని లేదు. మార్గదర్శకుడు ఆ చోట దీపమును ఒక్క నిమిషము పైకప్పువైపు త్రిప్పి చూపవచ్చును. అక్కడ ఒక చుక్క వ్రేలాడుచుండును. అది నిండి, సాగి, పడువరకు గుంపును మాటలాడక నిలువుమని అడుగవచ్చును. చుక్క పడిన తరువాత, లింగము ఇట్లే వచ్చినదని, ఆ చుక్క కొండమీది వానయని, అది మోసికొనివచ్చిన సున్నము ఇప్పుడే పడినదని చెప్పవచ్చును. ఆ తరువాత మొసలి దగ్గరకు తీసికొనిపోయినను నష్టము లేదు.